వలిసెపూల గట్టు మీద

అరకు వెళ్ళివచ్చామని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో ఎదురైన ప్రతివారూ అడిగిన మొదటి మాట, "ఎన్ని చూశారు?" అని. గుహలు చూశారా, జలపాతాలెన్ని, వ్యూ పాయింట్లెన్ని అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవటానికి సిద్ధంగా నిలబడతారు. "ఒక దారి చూశాం" అని నేనంటే, నామీద జాలిపడ్డారు. అంత దూరం పోయి, అంత డబ్బు పోసి, దారి చూసి రావటమేమిటి? దారులు కాకినాడలో లేవూ?

ఉన్నాయి. కాని వాటికి రెండు పక్కలా వలిసెపూలు లేవు.

మా బృందాన్ని ముందు పరిచయం చెయ్యాలి. నేనూ, మా ఆవిడా, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, కోడలు, పదేళ్ళ మనవరాలు, వీళ్ళందరితోపాటు మా వదిన, అంటే మా ఆవిడ అక్కగారు. ఆవిడకి అరవై ఎనిమిదో ఏడు. మా అన్నగారు పోయి పదేళ్ళయింది. అప్పట్నుంచీ ఆవిడ మోకాళ్ళు ఆవిడ మాట వినటం లేదు. మాతో అన్నవరం వచ్చింది, సింహాచలం వచ్చింది. వచ్చి, "నేనిక్కడే కూర్చుంటాను, మీరు వెళ్ళి రండర్రా" అని సత్రం అరుగు మీదో, కారు వెనకసీట్లోనో ఉండిపోయేది. మా సంచులకీ చెప్పులకీ ఆవిడే కాపలా. అలా ఎన్ని ఊళ్ళు తిరిగిందో, ఒక్క ఊరూ చూడలేదు.

డిసెంబరు మొదటివారంలో విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కాం. ఈ రైలుదారి వెయ్యటం మనలాంటి యాత్రికుల కోసం కాదు. బస్తరులోని బైలడిలా కొండల ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపానుకి పంపటానికి 1960వ దశకంలో కొండలు తొలిచి వేశారు. ఇప్పటికీ ఖనిజం కిందికి దిగుతూంటే మనుషులు పైకి ఎక్కుతూ ఉంటారు. శృంగవరపుకోట దాటేదాకా మామూలు పల్లపు పొలాలే. బొడ్డవర, శివలింగపురం వచ్చేసరికి రైలు ముక్కుతూ కొండ ఎక్కటం మొదలుపెడుతుంది. అక్కణ్ణుంచి సొరంగం మీద సొరంగం. మనవరాలూ మా అబ్బాయీ చెరో లెక్కా పెట్టారు. తీరా చివరికి రెండు లెక్కలూ కలవలేదు. చీకట్లోకి పోయినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్క గొంతుతో కేకపెట్టటం, వెలుగులోకి రాగానే సిగ్గుపడి ఊరుకోవటం. అద్దాల గోడలూ అద్దాల పైకప్పూ ఉన్న పెట్టె ఒకటి 2017లో ఈ దారిన మొదలుపెట్టారు. అందులో మాకు సీట్లు దొరకలేదు. మామూలు పెట్టెలో కిటికీ ఊచల్లోంచి మొహానికి తగిలిన చల్లగాలి అద్దాల పెట్టెలో తగలదుగదా అని సమాధానపడ్డాం. బొర్రా గుహలు దాటాక శిమిలిగూడ వస్తుంది. దాని ఎత్తు 996 మీటర్లు. కాశ్మీరు లోయలో రైలు నడిచేవరకూ దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజి స్టేషనని దానికి పేరుండేది. అక్కణ్ణుంచి కాస్త దిగితే అరకు. సుమారు నాలుగు గంటల ప్రయాణం.

మేము దిగిన లాడ్జీవారు గదితాళంతోపాటు ఒక చిట్టా కూడా చేతికిచ్చారు. 'ఒక్క రోజులో ఎనిమిది చూడదగిన ప్రదేశాలు' అని దాని పేరు. కారు వాళ్ళదే. ఒక్కొక్క చోట ఎన్ని నిమిషాలు ఆగుతుందో కూడా అందులో అచ్చువేశారు. ఎక్కడా నలభై నిమిషాలు దాటలేదు. మా అబ్బాయికి చిట్టా చూస్తే ప్రాణం లేచివచ్చింది. మూడురోజుల సెలవులో ఎనిమిది గిట్టుబాటు అవటమంటే మాటలా! మా వదిన మామూలుగానే, "నేను గదిలో కూర్చుంటాన్లే నాయనా" అంది.

మర్నాటి కార్యక్రమం మార్చింది ఒక టీకొట్టు. కాదు, నిజానికి మార్చింది లాడ్జీవారి కాఫీ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017 నుంచీ పారిస్ నగరంలో దీనికి ప్రత్యేకం దుకాణం ఉందట. చుట్టూ కొండవాలుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియపు తీగల పక్కన గిరిజన రైతులు కాఫీ పండిస్తున్నారు. ఇంత కాఫీ మధ్యన కూర్చున్న మాకు ఆ లాడ్జీలో ఇచ్చినది సీసాలోంచి తీసిన పొడి వేడినీళ్ళలో కలిపిన గోధుమరంగు ద్రవం. డికాషన్ మీద మా ఆవిడకి ఉన్న పట్టుదల తెలిసినవారికి తర్వాత ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. మంచి కాఫీ వెతుక్కుంటూ వీధినపడ్డాం. వీధి చివర దొరికింది. ఆ కొట్టాయన పాలు పొంగిస్తూ మా సంగతులన్నీ కనుక్కున్నాడు. చిట్టా చూసి నవ్వాడు. "పెద్దావిడున్నారు గదా, పొద్దున్నే పద్మాపురంవైపు నడండి బాబూ. ఎత్తూ పల్లం లేదు. వలిసెలు ఇంకా పూతమీదున్నాయి" అన్నాడు.

మా అబ్బాయి ఒప్పుకోలేదు. మా కోడలు నాలుగు మాటలాడి ఒప్పించింది. మొదటిరోజు నడక, మర్నాడు కారు అని రాజీ కుదిరింది. మా వదిన మాత్రం, "నడకా? నేనా?" అంది.

"గదిలో కూర్చుంటే ఆ కాఫీయే తాగాలి అక్కా" అంది మా ఆవిడ. ఆ మాట పనిచేసింది.

ఆరున్నరకి బయల్దేరాం. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. కోస్తావాళ్ళకి డిసెంబరులో ఆ చలి చాలు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, నాలుగడుగులు ముందు నడుస్తున్న మనవరాలి ఎర్ర స్వెట్టరు తప్ప మనవరాలు కనిపించదు. తొమ్మిదైతేగాని విడదని కొందరు గదుల్లోనే పడుకుంటారు. అది పొరపాటు. మంచులో బయల్దేరితేనే, లోయ ఒక్కొక్క తెర తీసి చూపించటం కనిపిస్తుంది. ముందు దారి పక్కన గడ్డి మీది సాలెగూళ్ళు, ప్రతిదానికీ నీటిముత్యాలు. తర్వాత ఒక తాటాకు పాక, దాని ముందు చలిమంట కాగుతున్న ముసలాయన. తర్వాత చెట్లు. ఆఖరుని, ఎక్కడో మనం అనుకున్నదానికన్న ఎంతో పైన, ఆకాశమనుకున్నచోట, నల్లగా కొండ కొమ్ము! అరకులో కొండలు మనిషిని భయపెట్టేవి కావు. దూరంగా, చుట్టూ గుండ్రంగా, పెళ్ళిపందిట్లో పెద్దలు కూర్చున్నట్టు కూర్చుని ఉంటాయి. మనం నడిచేది వాటి మధ్యని నేల.

వదిన మొదట యాభై అడుగులకొకసారి ఆగింది. మేమూ ఆగాం. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి కనిపిస్తూ ఉండటంచేత, ఆగటం వదినకోసమో మాకోసమో కాసేపటికి తెలియకుండాపోయింది.

పద్మాపురం తోట గేటు చేరేసరికి ముప్పావుగంట పట్టింది. కుర్రకాళ్ళకి అందులో సగం చాలు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో సైనికులకి కూరగాయలు పండించటానికి మొదలైన తోట ఇది. ఇప్పుడు గులాబీలూ, బొమ్మలూ, చెట్లకొమ్మల మధ్య కట్టిన గుడిసెలూ ఉన్నాయి. పిల్లలకి ఆ చెట్టుగుడిసెలు బాగా నచ్చుతాయి. టిక్కెట్టు కొనుక్కుని లోపల ఒక అరగంట తిరిగి, బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నాం. నన్నడిగితే తోట బాగానే ఉంది. కాని తోటలు మనకీ ఉన్నాయి.

అసలు నడక తోట దాటిన తరువాత. తోట పక్కనుంచి ఊళ్ళలోకి పోయే దారి పట్టుకుంటే కార్ల చప్పుడు వెనకబడుతుంది. రాగి కోసిన మళ్ళు (ఇటువైపు చోళ్ళంటారు), గట్టున ఒకటి రెండు జీలుగుచెట్లు, బిందెలు ఎత్తుకుని ఒకరి వెనక ఒకరు నడిచే ఆడపిల్లలు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది మనకి అర్థం కాదు. అది తెలుగు కాదు, ఇక్కడి తెగలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఆదివాసీ ఒడియా. మనల్ని చూసి తెలుగులోకి దిగుతారు, అతిథుల కోసం మంచి చీర కట్టుకున్నట్టు.

ఒక మలుపు తిరిగేసరికి మంచు విడిపోయింది. మా ఆవిడ "అమ్మయ్యో!" అంది.

పసుపు. చేను తరువాత చేను, కొండ అడుగుదాకా పసుపు. ఆవచేలు పూచినప్పుడు రైల్లోంచి ఉత్తరదేశంలో చూశాను. ఈ పసుపు దానికన్న చిక్కన. వలిసెలంటే అవే మన కోస్తాలో వెర్రినువ్వులంటారు. మొక్క నడుము ఎత్తు. పువ్వు చిన్న పొద్దుతిరుగుడు పువ్వులా ఉంటుంది. రెండూ ఒకే కుటుంబంలోవి. మా మనవరాలు రేకులు లెక్కపెట్టి ఎనిమిదంది. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి మన కొండల్లో కాపరం పెట్టింది. గింజలు నల్లగా మెరుస్తూ ఉంటాయి. ఆడించి నూనె తీసి కూరల్లో వాడతారు. పశ్చిమదేశాల్లో ఇళ్ళముందు పిట్టలకి వేసే మేతగా కూడా ఓడలమీద పోతాయి. నిలబడి వింటే చేనంతా ఒక్కటే ఝుంకారం. తేనెటీగలు. ఈ మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క పుప్పొడి రావలసిందే. ఆ రాకపోకలన్నీ ఈగల చేతిలోనే ఉన్నాయి.

దారిపక్కన నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. మేము నడిచి వచ్చిన చోటికి వాళ్ళు వేరే దారిన వచ్చారు కాబోలు. చేలో పదిమంది దాకా ఉన్నారు. చేతులు చాచి కొందరు, వెనక్కి వాలి కొందరు, ఒకతను చొక్కాకి చొక్కా మార్చి. ఫోటోలు. వాళ్ళు నిలుచున్న చోట్ల చేను తువ్వాలు మీద ఇస్త్రీపెట్టె మర్చిపోయినట్టు ఉంది. చుట్టూ పసుపు, మధ్యని గోధుమరంగు మచ్చలు.

నేనీ మాటలు ఇంత తీరుబడిగా రాస్తున్నానుగాని, అప్పుడు ఆలోచించే వ్యవధి లేదు. మా మనవరాలు అప్పటికే పరుగెత్తింది. "తాతయ్యా, ఫోటో!" అని గట్టు మీదనుంచి చేలోకి ఒక్క దూకు. మా అబ్బాయి ఆపలేదు సరికదా, ఫోను తీసి, "ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం" అంటున్నాడు. నేనూ నవ్వుతూ చూస్తున్నాను. ఉన్న మాట ఒప్పుకోవాలి.

చేనుకి అవతలి గట్టునుంచి ఒకామె వచ్చింది. అరవైకి దగ్గర వయస్సు. ముక్కుకి రెండు పక్కలా బంగారు పోగులు, చేతిలో కొడవలి. కేకలు వెయ్యలేదు. దగ్గరకి వచ్చి, పిల్ల భుజమ్మీద చెయ్యివేసి, వచ్చిన దారినే అడుగులో అడుగు వేయించి గట్టు మీదకి తీసుకువచ్చింది. తర్వాత నాతో, "బాబూ, గట్టుంది గదా" అంది.

ఆ ఒక్క మాటకి నా దగ్గర సమాధానం లేదు. మా అబ్బాయి, "అందరూ దిగుతున్నారుగదమ్మా" అన్నాడు. ఆమె వాడివంక చూడనైనా చూడలేదు. వంగి, విరిగిన మొక్క ఒకటి ఎత్తి పట్టుకుంది. వదలగానే పడిపోయింది.

"ఇరిగిన మొక్క లెగదు. ఒక్క పువ్వుకి ఇరవై గింజలు, ముప్పై గింజలు. గొడ్డు ముట్టదు బాబూ దీన్ని. మనిషే తొక్కుతాడు."

ఆ మాట అబద్ధం కాదు. వలిసె ఆకు పశువులకి సహించదు. అందుకే కొన్నిచోట్ల వేరే పైరుకి కంచెలాగా చుట్టూ దీన్ని చల్లుతారు. పశువునుంచి పైరుని కాపాడే మొక్కని మనిషినుంచి కాపాడే మొక్క ఏదీ లేదు.

గట్టు పక్కన ఒక అట్టముక్క గుచ్చి ఉంది. దానిమీద బొగ్గుతో, 'ఫొటోకి 20 రూపాయలు' అని. మేము చూడలేదు. చూసినవాళ్ళు అక్కడ ఆమెతో బేరమాడుతున్నారు. "పూలు చూట్టానికి కూడా డబ్బులేమిటమ్మా, దేవుడిచ్చినవి" అని ఒకాయన. ఆయన చేతిలోని ఫోను ఖరీదు ఆమె చేను రెండేళ్ళ పంటకన్న ఎక్కువే ఉంటుంది. ఈ పూలు దేవుడు ఉత్తినే ఇవ్వలేదు. వినాయకచవితికి అటూయిటుగా దుక్కి దున్ని, గింజ చల్లి, ఆమె తెప్పించుకున్నవి. గుడి దగ్గర చెప్పులు చూసినందుకు నోరెత్తకుండా డబ్బిచ్చే మనం, చేను చూపించినందుకు ఇరవై రూపాయలు ఇవ్వటానికి దేవుణ్ణి సాక్ష్యానికి పిలుస్తాం.

నేను ఫోటోకి ఇరవై, విరిగిన మొక్కలకి నూరూ ఇవ్వబోయాను. "వద్దు బాబూ" అంటుందనుకున్నాను. కథల్లో అలాగే అంటారు. ఆమె అనలేదు. తీసుకుని మడిచి రొంటిన దోపుకుంది. ఎందుకు వద్దనాలి?

అప్పటికి మా వదిన వచ్చి చేరింది. వెనకబడినందువల్ల ఈ గొడవేమీ ఆవిడకి తెలియదు. గట్టు మీద చతికిలబడి, ఊపిరి తీసుకుని, చేనువంక చూసింది. మేమంతా పసుపు చూశాం. ఆవిడ చూసింది వేరు. "అదేమిటి, ఇక్కడ కూడా ఉందా ఇది!" అంటూ చెయ్యి చాపి, మొక్క మొదటినుంచి ఏదో లాగింది. సన్నని తీగ, ఆకు లేదు, పచ్చదనం లేదు, జరీపోగులాగా ఉంది. బంగారుతీగ.

పేరు ఎంత బాగుందో పని అంత చెడ్డది. వేరు నేలలో ఉండదు. పక్క మొక్కని చుట్టుకుని, దానిలోకి ముళ్ళు దింపి, దాని రసం తాగి బతుకుతుంది. వలిసెచేలకి ఇదే పెద్ద చీడ. గింజతోపాటు దీని గింజా కలిసివచ్చి మళ్ళీ ఏడు మళ్ళీ మొలుస్తుంది. పసుపుపూల మధ్య పసుపుతీగ గనక, ఫోటో తీసేవాడికి అది కూడా అందమే. మా వదిన కోనసీమలో రైతుబిడ్డ. వరి కోసిన మళ్ళలో మినుము చల్లితే ఇదే బంగారుతీగ అల్లుకుంటుంది. చిన్నప్పుడు పిల్లలందరినీ దాన్ని ఏరటానికి పంపేవారట. ఆ సంగతి ఆవిడ నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరితోనూ అనలేదు. మేము అడిగిందెప్పుడు?

"పువ్వు పుయ్యకముందే లాగెయ్యాలమ్మా. లాగి గట్టున పడేస్తే మళ్ళీ అంటుకుంటుంది, కాల్చెయ్యాలి" అంది వదిన.

"కాల్చినాం. మళ్ళీ వచ్చీసింది" అంది ఆమె. ఆమె కూడా పక్కన కూర్చుంది. కిందటేడు నాలుగు కుంచాలు రావలసిన చోట రెండే వచ్చాయట. ఒకటి ఈ తీగ తిన్నది, ఒకటి ఫోటోలవాళ్ళు తొక్కింది. ఇద్దరూ గట్టుమీద కూర్చునే, చేతికందిన మేర తీగ ఏరటం మొదలుపెట్టారు. ఒక ముసలామె తెలుగు గోదావరి తెలుగు, ఇంకొకామె తెలుగు అరువు తెచ్చుకున్న తెలుగు. ఇద్దరికీ బాగా తెలిసిన భాష వేరే ఉంది. మా మనవరాలు మొదట సిగ్గుతో దూరంగా నిలబడి, తర్వాత మెల్లిగా వెళ్ళి, ఏరిన తీగంతా ఒకచోట కుప్పవెయ్యటం తన పనిగా పెట్టుకుంది. గంటసేపు. ఎనిమిది ప్రదేశాల చిట్టాలో ఏ ప్రదేశానికీ ఇవ్వనంత సేపు.

నేను గట్టువెంట ముందుకి నడిచాను. గట్టు రెండడుగుల వెడల్పు ఉంటుంది. ఒక్క మనిషి హాయిగా నడవవచ్చు. ఫోటోకి నిలబడినా రెండు పక్కలా పూలు నడుముదాకా వస్తాయి. చేలోకి దిగిన ఫోటోకీ గట్టు మీది ఫోటోకీ తేడా ఎవరూ చెప్పలేరని మా అబ్బాయే తరువాత రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఒప్పుకున్నాడు.

చూట్టానికి వచ్చినవాళ్ళకి ఇంత తెరిపి లోయ మిగలటానికి ఒక కారణం ఈ కొండలైతే, ఇంకో కారణం చట్టం. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి పోరాదని 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషను చెప్తుంది. ఇక్కడ పిల్లవాణ్ణడిగినా 'వన్ ఆఫ్ సెవంటీ' అని దాని పేరు చెప్తాడు. ఈ పక్కనే అనంతగిరి మండలంలో ఇచ్చిన గనుల కౌళ్ళ మీద సమత అనే సంస్థ కోర్టుకి వెళ్తే, 1997లో సుప్రీంకోర్టు ఏజెన్సీలోని సర్కారుభూమిని కూడా గిరిజనేతరులకి గనులకి కౌలుకివ్వటం చెల్లదంది. లేకపోతే మనం పసుపు చూసిన చోట ఈపాటికి అపార్టుమెంట్ల బోర్డులు చూసేవాళ్ళం. చట్టానికి చాటున ఏయే హోటళ్ళు ఎవరెవరి పేర్లమీద లేస్తున్నాయో, అది వేరే వ్యాసం.

ఎండ ఎక్కేసరికి తిరుగుముఖం పట్టాం. దారిలో ఒక ఇంటి ముందు ఆగి మంచినీళ్ళడిగితే చోడంబలి ఇచ్చారు. మా కోడలు మర్యాదకి ఒక గుక్క తాగి, తర్వాత గ్లాసు ఖాళీచేసింది. తోట దగ్గర ఆటో దొరికింది. "ఎక్కు వదినా" అన్నాను. ఎక్కనంది. కాస్త దూరం నడిచి, "ఇప్పుడెక్కుతాను" అంది. ఆవిడ మోకాళ్ళ గౌరవం ఆవిడ నిలబెట్టుకుంది.

మొదటిసారి వెళ్ళేవారు అడుగుతారు గనక రెండు మూడు మాటలు. వలిసెపూలు చూడాలంటే నవంబరు సగంనుంచి డిసెంబరు సగందాకా మంచి అదను. సంక్రాంతికి వెళ్తే కోసిన మోళ్ళుంటాయి. విశాఖనుంచి రోడ్డుదారిన సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ మలుపులకి తల తిరిగేవాళ్ళు రైలే ఎక్కటం మేలు. చెవులు మూసే మఫ్లరూ, మడమకి పట్టీ ఉన్న చెప్పులూ ఉండాలి. మంచుకి తడిసిన గట్టు జారుతుంది. ఇరవై రూపాయల నోట్లు చిల్లరగా పెట్టుకోండి. వాళ్ళ దగ్గర ఐదువందలకి చిల్లర ఉండదు, దాన్నిబట్టి ఇవ్వకుండా వచ్చేసేవాళ్ళని కూడా చూశాను. మనుషుల ఫోటోలు అడిగి తియ్యండి. సాయంత్రం వీధిలో బొంగుచికెన్ కాలుస్తూంటే వచ్చే వాసనకి మా శాకాహారపు కుటుంబం కూడా ఒక నిమిషం ఆగింది, ఆ పైన ఏమైందో రాయను. 1996లో పెట్టిన గిరిజన మ్యూజియం ఊళ్ళోనే ఉంది. పొద్దున్న చేలో కొడవలి చూసినవాళ్ళు, మధ్యాహ్నం అక్కడ గాజుపెట్టెలో కొడవలి చూస్తే కాస్త వేరుగా కనిపిస్తుంది.

ఆ రాత్రి మా అబ్బాయి చిట్టా మళ్ళీ తీశాడు. మర్నాడు కారు ఏడుగంటలకి వస్తుంది, మొదట గుహలు, అక్కడ మెట్లు చాలా ఉన్నాయి గనక పెద్దమ్మ కార్లో కూర్చోవచ్చు అని లెక్కలు వేసి పడుకున్నాడు.

పొద్దున ఆరుకాకుండానే మా తలుపు చప్పుడైంది. తీసి చూద్దును గదా, వదిన! తలకి మఫ్లరు, కాళ్ళకి మా ఆవిడ కాన్వాసు బూట్లు, చేతిలో ఒక పాతగుడ్డ సంచి.

"ఏం మరిదిగారూ, ఇంకా లేవలేదా? ఆ అవతలి గట్టు నిన్న మిగిలిపోయింది. కారు వచ్చేలోపల వెళ్ళి వచ్చేద్దాం" అంది.